వైల్డ్‌ఫ్లై, పోస్ట్‌గ్రెస్: పొద్దున్నే పావుగంట బిగుసుకుపోతోంది, పదిన్నరకి కనెక్షన్లు అయిపోతున్నాయి

మియాపూర్_జావా · సోమవారం, ఉదయం 11:05

ముందు సెటప్ చెప్తాను. వైల్డ్‌ఫ్లై 26 (జావా యాప్ సర్వర్), జావా 11, నాలుగు నోడ్లు (యాప్ నడిచే మెషీన్లు), ఒక్కోదానికి 8 కోర్లు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13, మ్యాక్స్_కనెక్షన్స్ మార్చలేదు, 100. యాప్ సర్వర్లు గచ్చిబౌలిలో, డేటాబేస్ క్లౌడ్‌లో హైదరాబాద్ రీజియన్‌లో. మధ్యలో వీపీఎన్, దాని ముందు ఫైర్‌వాల్. యాప్ ఆసుపత్రి బిల్లింగ్. ఓపీ కౌంటర్లు పొద్దున్న 8 నుంచి రాత్రి 9 దాకా నడుస్తాయి.

బాధలు రెండు.

ఒకటి: పొద్దున్న 8కి మొదట క్లిక్ చేసినవాళ్లందరికీ స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. 8:15 దాటాక ఎవరూ ఏమీ చేయకుండానే దానంతట అదే సర్దుకుంటుంది.

రెండు: పదిన్నర రద్దీలో లాగ్ నిండా ఐజే000453, దాని కింద ఐజే000655, అంటే 30000 మిల్లీసెకన్లు ఆగినా కనెక్షన్ దొరకలేదని. మ్యాక్స్-పూల్-సైజ్ (ఒక్కో నోడ్ తెరిచి పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల పరిమితి) 20 ఉండేది, శుక్రవారం 40 చేశారు. ఇప్పుడు 655 తగ్గి ఐజే031084 (అనేబుల్ టు క్రియేట్ కనెక్షన్) మొదలైంది.

మిన్-పూల్-సైజ్ 10, యూజ్-స్ట్రిక్ట్-మిన్ ట్రూ (ఖాళీగా ఉన్నా ఆ 10 కంటే తగ్గించొద్దని). వాలిడేషన్ (కనెక్షన్ బతికుందో లేదో చూసే పరీక్ష) ఏదీ పెట్టలేదు, యూఆర్ఎల్‌లో పారామీటర్లు లేవు. జేబాస్-సీఎల్ఐలో (వైల్డ్‌ఫ్లై కమాండ్ లైన్) టెస్ట్-కనెక్షన్-ఇన్-పూల్ కొడితే ట్రూ అనే వస్తోంది. టీమ్‌లో అందరూ కనెక్షన్ లీక్ (తీసుకున్న కనెక్షన్‌ని కోడ్ తిరిగి ఇవ్వకపోవడం) అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తార్నాక_థ్రెడ్ · 11:22

టెస్ట్-కనెక్షన్-ఇన్-పూల్ ట్రూ వచ్చిందంటే ఆ క్షణంలో ఒక్క కనెక్షన్ పనిచేసిందని, అంతే. మిగతావాటి గురించి అది ఏమీ చెప్పదు. దాన్ని పక్కన పెట్టండి.

మీరు చెప్పిన రెండు కోడ్‌లూ వేర్వేరు జబ్బులు. 655 అంటే పూల్ తన పరిమితి దాకా నిండింది, ఉన్నవన్నీ ఎవరి చేతుల్లోనో ఉన్నాయి, కొత్త రిక్వెస్టు క్యూలో నిలబడి 30 సెకన్లకి వెనుదిరిగింది. 031084 అంటే పూల్‌లో చోటుంది, కానీ కొత్త కనెక్షన్ తెరవబోతే అవతలివైపు కాదంది. ఎందుకు కాదందో దాని కింద ఉన్న కాజ్డ్ బై లైన్‌లో ఉంటుంది. ఆ లైన్ మొత్తం పెట్టండి.

రీస్టార్ట్ చేయకండి. రేపు పదిన్నరకి మళ్లీ వచ్చినప్పుడు ఈ మూడూ ఒకే నిమిషంలో తీయండి:

1. డేటాసోర్స్ మీద స్టాటిస్టిక్స్-ఎనేబుల్డ్ ట్రూ చేసి (ఇది ఇవాళే చేసి ఉంచండి), ప్రతి నోడ్ నుంచీ స్టాటిస్టిక్స్=పూల్ రిసోర్సును ఇన్‌క్లూడ్-రన్‌టైమ్ ట్రూతో చదవండి.
2. డేటాబేస్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీని (ఇప్పుడున్న కనెక్షన్ల పట్టిక) క్లయింట్ అడ్రస్, స్టేట్ మీద గ్రూప్ చేసి లెక్క తీయండి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో (ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి ఏమీ చేయకుండా) ఉన్నవాటికి ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (ట్రాన్సాక్షన్ మొదలైన సమయం) ఎంత పాతది, చివరి క్వెరీ ఏది అన్నవి కూడా.
3. జేసీఎండీ, పిడ్, థ్రెడ్.ప్రింట్. ఇది థ్రెడ్ డంప్, ప్రతి థ్రెడ్ ఆ క్షణంలో కోడ్‌లో ఎక్కడుందో చూపిస్తుంది. పది సెకన్ల తేడాతో మూడుసార్లు. ఒక్క డంప్‌తో తేలదు. మూడింట్లోనూ కదలకుండా అక్కడే ఉన్న థ్రెడ్ మీకు కావాలి.

మలక్‌పేట_డీబీఏ · 11:40

అన్నా, ముందుగాల లెక్క జూడుండ్రి. మ్యాక్స్_కనెక్షన్స్ 100. అండ్ల 3 సూపర్‌యూజర్ కోసం పక్కకు పెడతది. మీ యాప్ యూజర్‌కు మిగిలేది 97. పూల్ 20 ఉన్నప్పుడు నాలుగు నోడ్లకు 80, సరిపోయింది. 40 చేసిన్రు, 160 అయింది. డేటాబేస్ 97 దగ్గర తలుపు మూసేస్తది. ఆ కాజ్డ్ బై లైన్ల "రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్‌డ్" అని ఉంటది చూడుండ్రి, పందెం.

పూల్ సైజు ఎవ్వరూ ఒక్క నోడ్‌ను జూసి పెట్టొద్దు. నోడ్లు ఇంటు పూల్, ప్లస్ రిపోర్టులు, బ్యాచ్‌లు, మానిటరింగ్. అంతా కూడి 97 లోపల ఉండాలె.

మియాపూర్_జావా · మంగళవారం, ఉదయం 11:18

మలక్‌పేట గారూ, అక్షరాలా అదే మెసేజ్ ఉంది.

10:34కి తీసిన అంకెలు. నోడ్లవారీగా యాక్టివ్‌కౌంట్: 29, 26, 22, 16. అన్నింట్లోనూ ఇన్‌యూజ్‌కౌంట్ అంతే, ఒక్కటీ ఖాళీ లేదు. నాలుగో నోడ్‌లో అవైలబుల్‌కౌంట్ మాత్రం 24 చూపిస్తోంది, అయినా రిక్వెస్టులు ఫెయిల్ అవుతున్నాయి. ఇది అర్థం కాలేదు.

డేటాబేస్ వైపు మొత్తం 97: ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ 84, యాక్టివ్ 9, ఐడిల్ 4 (ఆ నాలుగూ రిపోర్ట్ టూల్‌వి). ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో ఉన్నవాటి వయసు ఎక్కువగా 15 నుంచి 25 సెకన్లు. చివరి క్వెరీ దాదాపు అన్నింటికీ ఒకటే, రసీదు టేబుల్‌లో ఇన్సర్ట్. వెయిట్_ఈవెంట్ క్లయింట్‌రీడ్.

తార్నాక_థ్రెడ్ · 11:36

అవైలబుల్‌కౌంట్ అంటే తెరిచి సిద్ధంగా ఉన్న కనెక్షన్లు కాదు. మ్యాక్స్-పూల్-సైజ్‌లోంచి వాడుకలో ఉన్నవి తీసేస్తే వచ్చే మిగులు. 40 లోంచి 16 పోతే 24. ఇంకో 24 తెరవడానికి పూల్ ఒప్పుకుంటుంది, డేటాబేస్ ఒప్పుకోవట్లేదు. డాష్‌బోర్డులో దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. చూడాల్సినవి ఇన్‌యూజ్‌కౌంట్, వెయిట్‌కౌంట్, టైమ్డ్‌ఔట్.

ఇక అసలు సంగతి. ఇది లీక్ కాదు. లీకైన కనెక్షన్ తిరిగి రాదు, కౌంటర్లు మూసేశాక కూడా ఇన్‌యూజ్‌కౌంట్ కిందికి దిగదు. మీ ట్రాన్సాక్షన్లు 25 సెకన్లకి ముగుస్తున్నాయి. అంటే కనెక్షన్ తిరిగి వస్తోంది, ఆలస్యంగా వస్తోంది. క్లయింట్‌రీడ్ అంటే పోస్ట్‌గ్రెస్ తన పని ముగించి మీ జావా నుంచి తరవాతి మాట కోసం కూర్చుంది. ఇన్సర్ట్ అయ్యాక కమిట్ కొట్టే లోపు మీ కోడ్ ఇంకెక్కడో 20 సెకన్లు గడుపుతోంది.

లెక్క వేయండి. 20 కనెక్షన్లు, ఒక్కోటి 20 సెకన్లు పట్టుకుంటే ఆ నోడ్ సెకనుకి ఒక్క రసీదు ఇస్తుంది. 40 చేస్తే రెండు. అదే కనెక్షన్‌ని 40 మిల్లీసెకన్లు మాత్రమే పట్టుకుంటే 20 చాలు, సెకనుకి 500 దాకా వెళ్తుంది. సైజు కాదు, పట్టుకునే సమయం చూడాలి.

థ్రెడ్ డంప్‌లో ఆ 20 సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఉంటుంది. డిఫాల్ట్ టాస్క్ అని పేరున్న థ్రెడ్లలో సాకెట్‌రీడ్0 (నెట్‌వర్క్ జవాబు కోసం ఆగిన గుర్తు) కోసం వెతికి, దాని కింద పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ క్లాసులున్నాయా, హెచ్‌టీటీపీ క్లయింట్ క్లాసులున్నాయా చూడండి.

బేగంపేట_బీన్ · 12:02

లీక్ కాదని అంకెలు చెప్తున్నా, ఒకసారి నిర్ధారించుకోవడం మంచిది, ఎందుకంటే రెండూ కలిసి ఉండొచ్చు. జేసీఏ సబ్‌సిస్టమ్‌లో క్యాష్డ్-కనెక్షన్-మేనేజర్ (సీసీఎమ్) ఉంటుంది. దాని డీబగ్ ట్రూ చేయండి, డేటాసోర్స్‌లో యూజ్-సీసీఎమ్ ట్రూ ఉందో చూడండి. బీన్ గానీ సర్వ్‌లెట్ గానీ కనెక్షన్ మూయకుండా బయటికి వస్తే ఐజే000100, "క్లోజింగ్ ఎ కనెక్షన్ ఫర్ యూ" అని స్టాక్‌ట్రేస్‌తో రాస్తుంది. కనెక్షన్ తెరిచిన లైన్ నెంబరు దాంట్లోనే దొరుకుతుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎర్రర్ కూడా ట్రూ చేస్తే ఎక్సెప్షనే విసురుతుంది, అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. ప్రొడక్షన్‌లో పని కాగానే ఆపేయండి, ప్రతి కనెక్షన్‌కీ స్టాక్ దాచడం బరువు. మీరే సొంతంగా న్యూ థ్రెడ్ అని పుట్టించిన చోట తెరిచినవి దీని కంట పడవు.

దొరికిన చోటల్లా ట్రై-విత్-రిసోర్సెస్ పెట్టండి. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడింటికీ.

ఒక మాట మాత్రం చాలామందికి తట్టదు. జేటీఏ (ట్రాన్సాక్షన్‌ని సర్వరే నడిపే) డేటాసోర్స్‌లో క్లోజ్ పిలిచినా, ట్రాన్సాక్షన్ నడుస్తున్నంతసేపూ అసలు కనెక్షన్ పూల్‌కి తిరిగి రాదు. మీ చేతిలో ఉన్న హ్యాండిల్ మాత్రమే మూసుకుంటుంది. కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ అయ్యాకే పూల్‌కి చేరుతుంది. కాబట్టి "మేం క్లోజ్ చేశాం కదా" అన్నది ఇక్కడ జవాబు కాదు. @స్టేట్‌లెస్ బీన్‌లో ఏమీ రాయకపోయినా పద్ధతి మొత్తం రిక్వైర్డ్ ట్రాన్సాక్షన్‌లోనే నడుస్తుంది.

మియాపూర్_జావా · మధ్యాహ్నం 3:10

సీసీఎమ్ డీబగ్‌లో ఐజే000100 ఒక్కటీ రాలేదు.

డంప్‌లు చూశాం. పట్టుకున్న థ్రెడ్లలో ఎక్కువ భాగం హెచ్‌టీటీపీ క్లయింట్ కింద సాకెట్‌రీడ్0లో ఉన్నాయి, ఎస్ఎంఎస్ గేట్‌వే కాల్. పద్ధతి వరస ఇది: రసీదు ఇన్సర్ట్, పేషెంటుకి ఎస్ఎంఎస్, తరవాత ఆడిట్ రాయడం, కమిట్. ఎస్ఎంఎస్ క్లయింట్‌కి టైమౌట్ ఏదీ లేదు. ఆడిట్ బీన్ మీద రిక్వైర్స్_న్యూ (వేరే కొత్త ట్రాన్సాక్షన్ తెరవమని) ఉంది, రసీదు రోల్‌బ్యాక్ అయినా ఆడిట్ నిలవాలని.

తార్నాక_థ్రెడ్ · 3:34

రిక్వైర్స్_న్యూ సంగతి చెప్పకపోతే సగమే తేలేది.

ఆ ఆడిట్ దగ్గర మొదటి ట్రాన్సాక్షన్ తన కనెక్షన్ పట్టుకునే ఉంటుంది, కొత్తదానికి రెండోది కావాలి. ఒక్క థ్రెడ్‌కి రెండు. పూల్ 20 అనుకోండి. 20 థ్రెడ్లు తలా ఒకటి పట్టుకుని, తలా ఇంకోటి అడుగుతాయి. ఇచ్చేవాడు లేడు, ఎవరూ వదలరు. డేటాబేస్‌లో లాక్ ఏమీ కనిపించదు, డెడ్‌లాక్ ఉన్నది జావా పూల్‌లో. 30 సెకన్లకి అన్నీ 655తో పడిపోతాయి, వెంటనే కొత్త 20 వచ్చి అదే పని చేస్తాయి. డంప్‌లో దీని గుర్తు: సెమాఫోర్ ట్రైఅక్వైర్‌లో నిలబడ్డ థ్రెడ్, దాని కింద ఐరన్‌జకమార్ (వైల్డ్‌ఫ్లైలో పూల్ నడిపే భాగం) గెట్‌కనెక్షన్, స్టాక్‌లో ఇంకా కిందికి వెళ్తే ఆడిట్ బీన్, దాని కింద రసీదు బీన్.

ఇలాంటప్పుడు చిక్కుబడకుండా ఉండాలంటే పూల్ కనీసం థ్రెడ్ల సంఖ్య ఇంటు (ఒక్కో థ్రెడ్‌కి కావాల్సిన కనెక్షన్లు మైనస్ 1) ప్లస్ 1 ఉండాలి. అండర్‌టో (వైల్డ్‌ఫ్లైలోని వెబ్ సర్వర్) వర్కర్ టాస్క్ థ్రెడ్లు డిఫాల్ట్‌గా కోర్‌కి 16. మీ 8 కోర్లకి 128. అంటే నోడ్‌కి 129 కనెక్షన్లు. అది అయ్యే పని కాదు.

చేయాల్సింది:

ఆడిట్‌కి వేరే డేటాసోర్స్, అదే డేటాబేస్, నోడ్‌కి 3 కనెక్షన్లు. పూల్ వేరైతే రసీదు థ్రెడ్లు ఆడిట్ థ్రెడ్లని అడ్డుకోవు. ఆ కొత్త ట్రాన్సాక్షన్‌లో రిసోర్స్ ఒక్కటే కాబట్టి ఎక్స్‌ఏ (పలు రిసోర్సులని ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిపే పద్ధతి) అక్కర్లేదు.

ఎస్ఎంఎస్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తీయండి. తేలిక దారి సీడీఐ ఈవెంట్: @అబ్జర్వ్స్‌లో డ్యూరింగ్ ఆఫ్టర్_సక్సెస్, అంటే కమిట్ అయ్యాకే నడుస్తుంది. ఆ అబ్జర్వర్‌లోనే హెచ్‌టీటీపీ కాల్ చేయకండి, పనిని మేనేజ్డ్‌ఎగ్జిక్యూటర్‌సర్వీస్‌కి అప్పగించి తిరిగి రండి. కమిట్‌కీ పంపడానికీ మధ్య నోడ్ పడిపోతే ఆ ఎస్ఎంఎస్ పోతుంది, రసీదుకి అది ఫరవాలేదు. డబ్బు లావాదేవీ సమాచారం అయితే అది చాలదు. రసీదుతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో అవుట్‌బాక్స్ టేబుల్‌లో ఒక వరస రాసి, షెడ్యూల్డ్ పని దాన్ని తీసి పంపాలి.

టైమౌట్లు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టండి. జాక్స్-ఆర్ఎస్ 2.1లో క్లయింట్‌బిల్డర్‌కి కనెక్ట్‌టైమౌట్, రీడ్‌టైమౌట్ ఉన్నాయి. 2 సెకన్లు, 5 సెకన్లు చాలు.

నాంపల్లి_నెట్ · 4:15

పొద్దున్న 8 గంటల సమస్యని ఎవరూ ముట్టుకోలేదు. అది పూర్తిగా వేరే కథ. ఎనిమిదింటికి మొదలై పావుగంటకి దానంతట అదే పోవడంలోనే జవాబు ఉంది.

లైనక్స్‌లో టీసీపీ_రీట్రైస్2 డిఫాల్ట్ 15. పంపిన ప్యాకెట్‌కి జవాబు రాకపోతే కెర్నల్ మళ్లీ మళ్లీ పంపుతూ, చివరికి చేతులెత్తేసేసరికి సుమారు 924 సెకన్లు, పదిహేను నిమిషాల పైచిలుకు. మీ టైమ్‌తో సరిపోతోంది చూడండి.

జరిగేది ఇది. రాత్రి 9కి చివరి క్లిక్. స్ట్రిక్ట్-మిన్ ట్రూ ఉంది కాబట్టి నోడ్‌కి 10 కనెక్షన్లు రాత్రంతా తెరిచే ఉంటాయి. ఫైర్‌వాల్ కొంతసేపు చూసి, ట్రాఫిక్ లేని సెషన్‌ని తన టేబుల్లోంచి తీసేస్తుంది, ఇటూ అటూ ఎవరికీ చెప్పకుండా. పొద్దున్న పూల్ ఆ పాత కనెక్షన్‌నే ఇస్తుంది, డ్రైవర్ క్వెరీ పంపుతుంది, ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ని పారేస్తుంది. రీసెట్ కూడా రాదు. థ్రెడ్ జవాబు కోసం కూర్చుంటుంది. 15 నిమిషాలకి కెర్నల్ వదిలేస్తే, "కనెక్షన్ టైమ్డ్ ఔట్ (రీడ్ ఫెయిల్డ్)" అని డ్రైవర్‌కి తెలుస్తుంది.

రేపు 8:05కి యాప్ నోడ్‌లో ఎస్ఎస్ కమాండ్‌ని టీ, ఎన్, ఓ ఆప్షన్లతో 5432 పోర్టుకి కొట్టండి. ఇరుక్కున్న సాకెట్లు ఎస్టాబ్లిష్డ్ అనే చూపిస్తాయి, కానీ సెండ్-క్యూ సున్నా ఉండదు, కొన్ని బైట్లు అక్కడే ఆగి ఉంటాయి. చివర్లో టైమర్ ఆన్ అని, పక్కన రీట్రాన్స్‌మిట్ లెక్క ఉంటుంది. నిమిషం ఆగి మళ్లీ కొడితే ఆ లెక్క పెరుగుతుంది. అంతకంటే రుజువు అక్కర్లేదు, ఆ ఔట్‌పుట్‌తోనే నెట్‌వర్క్ వాళ్ల దగ్గరికి వెళ్లి ఐడిల్ టైమౌట్ ఎంతో అడగండి.

మలక్‌పేట_డీబీఏ · 4:31

నాంపల్లి అన్న చెప్పింది డేటాబేస్ లాగ్‌ల గూడ పట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ తన వైపు కీప్‌అలైవ్ (అవతలోళ్లు ఉన్నరా అని తట్టి చూసే ప్యాకెట్) పెట్టుకుంటది, కానీ టైమింగ్ కెర్నల్ డిఫాల్ట్. 7200 సెకన్లు ఆగి, 75 సెకన్లకొకటి తొమ్మిది సార్లు తడుతది. అంతా కలిపి 2 గంటల 11 నిమిషాలు. రాత్రి 9కి బంద్ అయితే, 11:11 అటూ ఇటుగా "కుడ్ నాట్ రిసీవ్ డేటా ఫ్రమ్ క్లయింట్: కనెక్షన్ టైమ్డ్ ఔట్" అని 40 లైన్ల దాకా ఉండాలె. పదింటికి నాలుగు నోడ్లు. చూసి చెప్పుండ్రి.

దీనికి తేలికైన మందు సర్వర్ దిక్కే ఉన్నది. టీసీపీ_కీప్‌అలైవ్స్_ఐడిల్ 300 పెట్టుండ్రి. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు, కొత్త సెషన్లకు వర్తిస్తది. ఐదు నిమిషాలకోసారి చిన్న ప్యాకెట్ పోతది, ఫైర్‌వాల్ సెషన్‌ను మరువదు.

ఉప్పల్_ఓపీఎస్ · 5:02

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర పోస్ట్‌గ్రెస్ 14కి మారాక "అథెంటికేషన్ టైప్ 10 ఈజ్ నాట్ సపోర్టెడ్" అని పూల్ అసలు లేవట్లేదు. ఇదీ ఫైర్‌వాలేనా?

బేగంపేట_బీన్ · 5:09

కాదండి. డ్రైవర్ పాతది. 14 నుంచి పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్ స్క్రామ్-షా-256. జేడీబీసీ డ్రైవర్ 42.2.0 కంటే ముందుదైతే దానికి అది తెలియదు. మాడ్యూల్ ఫోల్డర్లో జార్ మార్చండి, మాడ్యూల్.ఎక్స్ఎమ్ఎల్‌లో ఫైల్ పేరు కూడా. యాప్ లోపల వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో పాత జార్ ఇంకోటి పడుకుని ఉందేమో చూసి తీసేయండి. ఇంకేమైనా ఉంటే వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిస్తే తరవాత వెతికేవాళ్లకి కష్టం.

మియాపూర్_జావా · బుధవారం, ఉదయం 9:40

డేటాబేస్ లాగ్‌లో రాత్రి 11:11 నుంచి 11:13 మధ్య సరిగ్గా 40 లైన్లు. 8:06కి ఎస్ఎస్‌లో మొదటి నోడ్ మీద ఆరు సాకెట్ల సెండ్-క్యూలో బైట్లు ఆగి ఉన్నాయి, రీట్రాన్స్‌మిట్ లెక్క పెరుగుతూ పోయింది. ఫైర్‌వాల్ ఐడిల్ టైమౌట్ 30 నిమిషాలని నెట్‌వర్క్ టీమ్ చెప్పింది.

మేం పెట్టబోయేవి: స్ట్రిక్ట్-మిన్ ఫాల్స్, ఐడిల్-టైమౌట్-మినిట్స్ 25, బ్యాక్‌గ్రౌండ్-వాలిడేషన్ 60000, పోస్ట్‌గ్రెస్ వాలిడ్-కనెక్షన్-చెకర్, ఎక్సెప్షన్-సార్టర్ (ఏ ఎర్రర్ వస్తే కనెక్షన్ పారేయాలో తేల్చేది). యూఆర్ఎల్‌లో టీసీపీకీప్‌అలైవ్ ట్రూ, సాకెట్‌టైమౌట్ (డ్రైవర్ జవాబు కోసం ఆగే పరిమితి) 30000. సరేనా?

నాంపల్లి_నెట్ · 9:58

రెండు చోట్ల ఆగండి.

పోస్ట్‌గ్రెస్ డ్రైవర్లో సాకెట్‌టైమౌట్ సెకన్లలో. 30000 పెడితే ఎనిమిది గంటల పైమాటే, పెట్టినా పెట్టనట్టే. మైఎస్‌క్యూఎల్ సాకెట్‌టైమౌట్, ఒరాకిల్ రీడ్‌టైమౌట్ మిల్లీసెకన్లలో ఉంటాయి, అక్కడి నుంచి కాపీ చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మీ పొడవైన రిపోర్ట్ క్వెరీ ఎంతసేపు నడుస్తుందో చూసి దానికంటే ఎక్కువ పెట్టండి. నాలుగు నిమిషాలైతే 300. రిపోర్టులు వేరే డేటాసోర్స్‌లో ఉంటే బిల్లింగ్‌కి 30 చాలు. ఇది లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వాలిడేషన్ కూడా అదే చచ్చిన సాకెట్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది.

ఐడిల్-టైమౌట్ 25 కూడా చాలదు. తీసేసే థ్రెడ్ ఆ విలువలో సగానికోసారి తిరుగుతుంది. 25 పెడితే ఒక కనెక్షన్ 37 నిమిషాల దాకా మిగిలిపోవచ్చు, మీ ఫైర్‌వాల్ 30కే కోసేస్తుంది. 15 పెట్టండి, గరిష్ఠం 22 అవుతుంది.

టీసీపీకీప్‌అలైవ్ ట్రూ ఒక్కటే ఉంటే యాప్ వైపు కూడా ఆ 7200 సెకన్లే. నోడ్‌లో సిస్‌సీటీఎల్ టీసీపీ_కీప్‌అలైవ్_టైమ్ 300 చేయండి.

మలక్‌పేట_డీబీఏ · 10:07

సాకెట్‌టైమౌట్ కొట్టినప్పుడు జావా లేచి పోతది, కానీ డేటాబేస్‌ల ఆ క్వెరీ నడుస్తనే ఉంటది. యూజర్ మల్ల క్లిక్ చేస్తడు, అదే క్వెరీ రెండోది, మూడోది. అందుకని బిల్లింగ్ యూజర్‌కు స్టేట్‌మెంట్_టైమౌట్ దానికంటే జరంత తక్కువ పెట్టాలె, 25 సెకన్లు. ముందు డేటాబేస్ ఆపాలె, తర్వాత డ్రైవర్. ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ 60 సెకన్లు గూడ పెట్టుండ్రి, కానీ ఎస్ఎంఎస్ బయటికి తీసినంకనే. ఇప్పుడే పెడితే నడుస్తున్న రసీదులను కోస్తది.

మియాపూర్_జావా · శుక్రవారం, మధ్యాహ్నం 12:20

బుధవారం రాత్రి కాన్ఫిగ్, గురువారం రాత్రి కోడ్ వెళ్లింది. 8కి ఆగడం లేదు. ఇవాళ 10:30కి నోడ్‌కి మ్యాక్స్‌యూజ్డ్‌కౌంట్ 7 దాటలేదు, టైమ్డ్‌ఔట్ సున్నా, వెయిట్‌కౌంట్ సున్నా. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ ఒకటో రెండో, అవీ సెకను లోపువే.

పూల్ ఇంకా 40 దగ్గరే ఉంది. ఎంతకి దించమంటారు?

మలక్‌పేట_డీబీఏ · 12:41

మెయిన్ డేటాసోర్స్ 16, ఆడిట్ 3. నోడ్‌కు 19, నాలుగు నోడ్లకు 76, రిపోర్ట్ టూల్ 4, మొత్తం 80. 97ల 17 మిగుల్తయి, బ్యాచ్‌లకు, చేత్తో పీఎస్‌క్యూఎల్ తెరిచేటోళ్లకు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: డిప్లాయ్‌మెంట్ల కొత్త నోడ్ లేపి పాతది తీసే పద్ధతైతే ఆ కాసేపు ఐదు నోడ్లు ఉంటయి, పూల్స్ అన్నీ నిండితే 99 అయి మల్ల 031084 వస్తది. ముందు పాతది దించి, పీజీ_స్టాట్_యాక్టివిటీల దాని అడ్రస్ పోయిందని చూసినంకనే కొత్తది లేపుండ్రి.